కొండకి ముందు మూడు ఊళ్ళు

బుధవారం, పొద్దున

నిర్ణయం అయిపోయింది. కొండ ఎక్కుతాను.

మసీదులో మా ఆడవాళ్ళకి చదువు చెప్పే పంతులమ్మ రోజూ నాలుగు ముక్కలు రాయమంది. మనసులో ఉన్నది ఉన్నట్టు రాయి, తప్పులు నేను చూసుకుంటానంది. ఇన్నాళ్ళూ ఆవు పాలిచ్చిందా లేదా అని రాశాను. ఇకమీద కొండ సంగతి.

కొండంటే మా అగ్నీ ఊరి వెనకున్నదే. దానికో పెద్ద పేరుంది, అది టూరిస్టులకి. డబ్బిచ్చి మరీ అలిసిపోవడానికి దేశదేశాల నుంచి మర్రాకెష్‌లో దిగి ఇక్కడికి వస్తారు. నా కొడుకు బిహి వాళ్ళని ఎక్కించి, దించేవాడు. గైడు. ఏళ్ళ తరబడి ఎక్కినా ఒక్కసారి జారలేదు. పోయినేడు బూట్లకి కొత్త అట్టలు వేయించుకొస్తానని సంతకి వెళ్తూ, చదునుగా ఉన్న తారు రోడ్డు మీద, వ్యాను బోల్తా పడి పోయాడు.

దిగొచ్చిన ప్రతిసారీ వాడిది ఒకటే మాట. "అమ్మా, ఇవాళ పై నుంచి నీకు చెయ్యూపాను. నువ్వు తలెత్తి చూడనేలేదు." అక్కణ్ణించి మన ఇల్లు బార్లీ గింజంత కూడా ఉండదురా, అబద్ధాలకోరూ అనేదాన్ని. ఎవరో స్విట్జర్లాండాయన ఇచ్చిన దుర్భిణి ఉందిగా అనేవాడు. నువ్వు ఏ శాలువా కప్పుకున్నావో కూడా తెలుస్తుందనేవాడు. సరే, ఏది కప్పుకున్నానో చెప్పు అంటే ఎర్రది అనేవాడు. నాకున్నదే ఒకటి. అది ఎర్రది.

నా ఇల్లు అక్కణ్ణించి కనిపిస్తుందా లేదా. వాడు నిజంగా చూసేవాడా, నన్ను నవ్వించడానికి చెప్పేవాడా. నా కళ్ళతో నేను చూసి రావాలి. అంతే. దానికి ఇంత ఆలోచనెందుకు? కొండ ఎక్కడికీ పోదు, నాకింకా కాళ్ళున్నాయి.

బుధవారం, మధ్యాహ్నం

మబారక్‌కి చెప్పాను. బిహి దగ్గర పని నేర్చుకున్న గైడు. బిహి దుర్భిణి వాడికే ఇచ్చాను. నువ్వెందుకు పిన్నీ, నేను చూసొచ్చి చెప్తాగా అన్నాడు. వాడి మాట నమ్మను. వాడు నా మొహం చూసి మాట్లాడతాడు. బిహి పోయిన రోజు, "వాడికి నొప్పే తెలీలేదు పిన్నీ" అని ఒట్టేసి చెప్పాడు. ఆ రోజు వాడున్నది మర్రాకెష్‌లో.

చివరికి ఒప్పుకున్నాడు. శనివారం ముగ్గురు టూరిస్టులతో బయలుదేరుతున్నాడు. తమ్దా, తిజ్గీ, ఇఫ్రి ఊళ్ళ మీదుగా వెళ్ళి, కొండ మెడ దగ్గర రాతి సత్రంలో పడుకుని, మంగళవారం తెల్లారేసరికి పైన ఉంటారట. వంటకి రా పిన్నీ అన్నాడు. వంటకి రాను. పుట్టి బుద్ధెరిగాక కొండెక్కేవాళ్ళకి రొట్టెలు కాల్చాను. ఈసారి టూరిస్టుగా వస్తాను.

నియమాలు పెట్టుకున్నాను:

దారిలో ఎవరింట్లోనూ కూర్చోను. టీ తాగను.

వంట చెయ్యను.

ఏడవను.

గురువారం

బిహి బూట్లు వేసుకుని ఊట దాకా ఎక్కి దిగాను. అవి పెద్దవి. మూడు జతల మేజోళ్ళు తొడిగాను, సరిపోయాయి. కాళ్ళు నా మాట వింటున్నాయి. శనివారం దాకా ఆగడం ఎందుకు, ఇవాళే వెళ్ళిపోవచ్చు అనిపించింది.

మా ఆడపడుచు రఖియా వదిన ఆవుని చూస్తానంది. మిద్దె మీద ఎండేసిన అక్రోటు కాయలకి కాకులు రాకుండా కూడా చూస్తానంది. కానీ ఊరికే చూడదు కదా.

"కొండ మీద ఏముందే ఇజ్జా? రాళ్ళేగా. మన పొలంలో లేవా?"

నా రాళ్ళు నేను చూసుకుంటానన్నాను. బిహి కోటు తీసుకున్నాను. ఎర్ర శాలువా ఇంట్లోనే వదిలేశాను. నడిచేటప్పుడు కాళ్ళకి అడ్డం పడుతుంది. పైగా టూరిస్టులు శాలువాలు కప్పుకోరు.

శనివారం, పొద్దున

బయలుదేరాం!

మబారక్ ముందు. వెనక జర్మనీ నుంచి వచ్చిన గెర్దా, ఆవిడా పంతులమ్మేనట, రిటైరైంది. ఆవిడ వెనక ఫ్రాన్సు దంపతులు. పేర్లు నాకు నోరు తిరగలేదు. పొడుగాయన, వాళ్ళావిడ అని రాసుకుంటాను. చివర కంచర గాడిదతో బెలయీద్. వాడే వంటవాడు.

గెర్దాకి రెండు కర్రలు. కాళ్ళు రెండుండగా ఇంకో రెండెందుకో. చేతికి గడియారం. రాత్రి నిద్ర పట్టిందా అని మబారక్ చేత అడిగించాను. ఆవిడ గడియారం చూసుకుని పట్టలేదంది.

నాకు నిద్ర పట్టలేదని నాకే తెలుసు. అయినా హాయిగా ఉంది. మధ్యాహ్నానికి తమ్దా దాటేస్తాం. ఊళ్ళో ఆగేది లేదు. వాగు దగ్గర భోజనం.

శనివారం, మధ్యాహ్నం

తమ్దా దాటలేదు.

ఊరి మొదట్లో దారికి అడ్డంగా మా తూదా అక్క నిలబడి ఉంది. మా పిన్ని కూతురు. పొద్దున్నుంచీ నిలబడే ఉందట. రఖియా వదిన మూడు ఊళ్ళకీ ఫోన్లు చేసేసింది. ఇజ్జా ఇల్లు కదిలింది, మీ దారినే వస్తోంది, పట్టుకోండి అని.

అక్క చేతిలో నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ.

ఈ సంగతి ముందే నాకు తట్టాల్సింది. చావు జరిగిన ఇంటికి మేం చక్కెర దిమ్మతో వెళ్తాం. అది ఇచ్చి, కూర్చుని, టీ తాగి, పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు మాట్లాడి వస్తాం. ఇచ్చింది వద్దనకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. దారిలో వదిలెయ్యకూడదు. ఇంటికి చేర్చుకోవాలి. పోయినేడు మూడో రోజు అయ్యాక నేను తలుపు గడియ పెట్టుకున్నాను. ఎవరికీ తియ్యలేదు. వచ్చినవాళ్ళంతా చక్కెరతో వెనక్కి పోయారు. ఈ కొండ కింద ఊళ్ళన్నిటిలో బిహి చక్కెర ఇంకా అటకల మీదే ఉందన్నమాట.

"తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి వాచింది," అంది అక్క. "వాడి చక్కెర నా టీలో వేసుకోమంటావా? ఎలకలకి పెట్టమంటావా? నువ్వు ఆ కొండ మీద రాళ్ళని పలకరిస్తావు గానీ, మా గుమ్మం తొక్కవు."

అయినా నేను ఇంట్లో కూర్చోలేదు. గుమ్మంలో కూర్చున్నాను. గుమ్మం ఇల్లు కాదు.

టీ తాగాను. అది పుదీనా నీళ్ళు. దాన్ని టీ అనడానికి మనసు రావాలి.

శనివారం, సాయంత్రం

ఇంకా తమ్దాలోనే ఉన్నాం. తూదా అక్క ఇచ్చాక పక్కింటివాళ్ళు ఇవ్వకుండా ఊరుకుంటారా? గోడవతలివాళ్ళు, వాళ్ళ గోడవతలివాళ్ళు, అందరూ అటకలెక్కారు. ఊరంతా నీలం కాగితాలే. పొడుగాయన ఒకటే ఫోటోలు. ఇదేం పండగ అని అడిగాడట. పండగ కాదు, సంతాపం అని మబారక్ చెప్పాడు. ఎంత బాగుందో అన్నాడట.

వాళ్ళకి వెన్న, తేనె, వేడి రొట్టె పెట్టారు. కట్టిన డబ్బులో ఇంత తిండి రాసి లేదని వాళ్ళావిడ కంగారు పడింది. తర్వాత మానేసింది.

మా గుడారాలు అక్క పొలంలోనే వేశారు. బెలయీద్ వండిన తాజిన్ కూరలో జీలకర్ర లేదు. మట్టి మూకుడు మూత తియ్యగానే తెలిసిపోయింది. నేను వంట చెయ్యలేదు. ఉల్లిపాయలు తరిగాను, జీలకర్ర దంచాను, అడుగంటకుండా కలిపాను. వంట చేసింది బెలయీదే.

కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయలు.

రేపు పెందలాడే లేచి ఆలస్యమంతా సర్దేస్తాం. ఏం ఫరవాలేదు.

ఆదివారం, పొద్దున

కుడి మడమ మీద బొబ్బ. బిహి బూటు తప్పు కాదు. మేజోడు మడత పడింది. గెర్దా నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని ఏదో పట్టీ అంటించింది. చర్మం లాంటి పట్టీ, పీకితే రాదు. ఇక కొండ ఏపాటి?

ఆదివారం, మధ్యాహ్నం

తిజ్గీ చిన్న ఊరు. నాకు అక్కడ చుట్టాలు లేరు. గబగబా దాటేస్తాం అనుకున్నాను.

చుట్టాలు లేకపోతేనేం, బిహి ఉన్నాడు. వారం వారం ఇటే వెళ్ళేవాడు కదా. మసీదు తుడిచే ముసలాయన నన్ను చూడలేదు, కోటు చూశాడు. కోటు చూసి దారిలో నిలబడిపోయాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి చక్కెర తెచ్చాడు.

బిహి వాళ్ళింట్లో నా రొట్టె గురించి ఏం చెప్పేవాడో చెప్పాడు ముసలాయన. మా అమ్మ రొట్టె గాలికి గుడారం ఎగిరిపోకుండా నాలుగు మూలలా పెట్టుకోవడానికి పనికొస్తుందనేవాడట. ఒకసారి దానితో మేకు కూడా కొట్టానన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నా వంక భయంగా చూశారు.

నేను నవ్వాను. నియమాల్లో నవ్వకూడదని లేదు. వాడు పోయాక ఇంత గట్టిగా నవ్వడం ఇదే. ఇంటికొచ్చి అవే రొట్టెలు అరడజను తినేవాడు వెధవ. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఏడుపు కిందకి రాదు.

టీ అన్ని ఇళ్ళలోనూ తాగాను. ఒక ఇంట్లో తాగి ఒక ఇంట్లో తాగకపోతే గొడవలొస్తాయి.

ఆదివారం, సాయంత్రం

ఇఫ్రికి దీపాలు పెట్టే వేళకి చేరాం. కొండకి ముందు ఇదే ఆఖరి ఊరు. మా అత్తగారి చెల్లెలు యమ్నా అత్త ఇక్కడే ఉంటుంది. నడవలేదు, కళ్ళు సరిగ్గా కనపడవు, ఊళ్ళో ఆమె మాట మీరేవాళ్ళు లేరు. మంచం మీద నుంచే చెయ్యి చాపి, నా మొహం తడిమి, "చిక్కిపోయావు, కూర్చో" అంది.

కూర్చున్నాను. ఇంట్లోనే. ముసలావిడ.

పొడుగాయన మూడు ఊళ్ళ మజ్జిగ తాగి ఇప్పుడు పొలం వైపు పరుగెడుతున్నాడు. కాగితం చుట్ట చేత్తో పట్టుకుని మరీ.

సోమవారం, పొద్దున

వాన!

చక్కెరంతా బయట కంచర గాడిద సంచుల్లో ఉంది. ఇవాళ వాన పడుతుందని ఎవరనుకున్నారు? అందరం లేచి పరుగెత్తాం. నీలం కాగితం రంగు దిగి చేతులన్నీ నీలం. కొన్ని దిమ్మల అంచులు కరగడం మొదలైంది. నేను సంచుల మీద పడి ఒళ్ళంతా కప్పేశాను. బిహి పోయినప్పుడు తలుపు తియ్యలేదు వీళ్ళకి, ఇప్పుడు వాళ్ళ చక్కెర కూడా నీళ్ళపాలు చేస్తే ఏ మొహం పెట్టుకుని బతకను?

గెర్దా తన వానకోటు విప్పి సంచుల మీద కప్పింది. మంచు కొండల్లో కూడా తడవనివ్వదని మొదటి రోజే మబారక్‌తో గొప్పగా చెప్పిన కోటు. ఆవిడ తలా ఒళ్ళూ తడిసి ముద్దయింది. ఫోటో కూడా తియ్యలేదు. నా పక్కనే సంచి అంచు పట్టుకుని నిలబడింది.

సోమవారం, మధ్యాహ్నం

వాన ఆగింది. పంచాయతీ.

బెలయీద్ మాట సూటిగా ఉంటుంది. "ఈ గాడిద గుడారాలైనా మోస్తుంది, చక్కెరైనా మోస్తుంది. రెండూ మొయ్యమంటే దానికే చెప్పు ఇజ్జమ్మా, నాకు కాదు."

చక్కెర ఇఫ్రి మసీదులో పెట్టి, దిగేటప్పుడు తీసుకుందాం అన్నాడు మబారక్. యమ్నా అత్త మంచం మీద నుంచి వాడి వైపు తల తిప్పింది. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చావు చక్కెర వేరే ఊళ్ళో వదిలేసి కొండెక్కడానికి వెళ్ళింది అని చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా.

పోనీ చక్కెరతోనే పైకి ఎక్కుదునా?

కాబట్టి ఒక పద్ధతికి వచ్చాం. వాళ్ళు ఇప్పుడే సత్రానికి వెళ్తారు. నేను యమ్నా అత్త కంచర గాడిద మీద చక్కెర వేసుకుని ఇవాళే ఇంటికి పోతాను. రేపు తెల్లారగానే మా మిద్దె ఎక్కి నిలబడతాను. మబారక్ పై నుంచి బిహి దుర్భిణి పెట్టి చూస్తాడు. నేను కనిపిస్తే కనిపించానని చెప్పాలి. కనిపించకపోతే కనిపించలేదని చెప్పాలి. నా మొహం చూసి మాట్లాడకూడదు. వాడు కురాన్ మీద ఒట్టేస్తానన్నాడు. వద్దన్నాను. నొప్పి తెలీలేదని కూడా ఒట్టేశాడు కదా.

ఇది కొండ ఎక్కడంతో సమానమే. ఒక రకంగా ఇదే మంచిది. బొబ్బ ఉంది.

వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాను. గెర్దా ఒక కర్ర నాకు వదిలి వెళ్ళింది. ఆవిడకి ఇంకొకటి ఉందిగా.

సోమవారం, సాయంత్రం

ఇఫ్రిలోనే ఉన్నాను.

తడి చక్కెర మోసుకుపోతే ఇంటికి పాకం చేరుతుందంది యమ్నా అత్త. దిమ్మలన్నీ రొట్టెలు కాల్చే పొయ్యి చుట్టూ పేర్చి ఆరబెట్టారు. ఆరేలోగా భోజనం. భోజనం అయ్యేలోగా చీకటి.

చీకట్లోనే రేపు బయలుదేరతాను. తెల్లారేసరికి ఇంట్లో ఉంటాను. ఖాయం.

మంగళవారం, పొద్దున

ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఒక్క మబ్బు లేదు. ఇంత తేటగా ఎప్పుడో గానీ ఉండదు. పైన వాళ్ళు ఈపాటికి నిలబడి ఉంటారు.

నేను యమ్నా అత్త ఇంట్లో టిఫిను తింటున్నాను.

ఆమెకి నలుగురు కోడళ్ళు. నలుగురికీ నాలుగు పొయ్యిలు. ఒకళ్ళ దగ్గర తిని ఇంకొకళ్ళ దగ్గర తినకుండా గడప దాటనివ్వరు. మొదటామె గంజి. రెండో ఆమె రొట్టె, వెన్న. మూడో ఆమెదీ రొట్టె, వెన్నే, కానీ ఆమె వెన్న వేరే ఆవుదట. రెండో ఆమె వెన్న ఎక్కువ తిన్నానని మూడో ఆమె మొహం మాడ్చుకుంది. ఆమెదీ ఇంకాస్త తిన్నాను. నాలుగో ఆమె ఇప్పుడే గుడ్లు కొడుతోంది.

ఇక్కడి మిద్దె ఎక్కి చూశాను. ఇఫ్రి కొండకి మరీ దగ్గర. కొండ భుజం అడ్డొచ్చి శిఖరం కనిపించదు. అయినా ఒకసారి చెయ్యూపాను. నాలుగో కోడలు చూసి, ఎవరికి అక్కా అంది. ఈగలని తోలుతున్నానన్నాను.

మంగళవారం, సాయంత్రం

ఇవాళ కూడా పోలేదు. కారణాలు రాయను. పంతులమ్మ నవ్వుతుంది.

ఏడ్చాను. యమ్నా అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఉల్లిపాయలు లేవు. ఆవిడ నా తలలో చెయ్యి పెట్టి కూర్చుంది. తర్వాత, తన మంచం కోళ్ళ కింద బిహి రాళ్ళు పెట్టి సరిచేసిన సంగతి చెప్పింది. ఇప్పటికీ ఊగట్లేదు చూడు అంది. ఊపి చూశాను. ఊగలేదు.

బుధవారం, మధ్యాహ్నం

ఇంటికి చేరాను, చక్కెరతో సహా. కొండ ఎక్కలేదు. మిద్దె కూడా ఎక్కలేదు.

వాళ్ళు వేరే లోయ గుండా దిగి నాకన్నా ముందే అగ్నీ చేరారట. నేను చక్కెర దించి, గాడిదని ఊట దగ్గర కట్టేసి వచ్చేసరికి, టూరిస్టుల్ని వ్యాను ఎక్కించిన మబారక్ మా గోడ దగ్గర కాచుకుని ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. లోపలికి పిలిచి టీ పోశాను. గ్లాసు ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు.

"కనిపించావు పిన్నీ. దుర్భిణిలో సరిగ్గా కనిపించావు. మిద్దె మీద ఎర్ర శాలువా పట్టుకుని రెండు చేతులతో ఊపుతున్నావు. నేనూ ఊపాను. గెర్దా కూడా చూసింది, ఊపింది."

నేను టీ గిన్నె కింద పెట్టాను.

"నేను ఎక్కణ్ణించి వస్తున్నాననుకుంటున్నావురా?"

"అదే, నీళ్ళకి గానీ వెళ్ళావేమో..."

"ఇఫ్రి నుంచి. ఇప్పుడే. నిన్న తెల్లారేసరికి యమ్నా అత్త రెండో కోడలు వెన్న తింటున్నాను."

చూశాను పిన్నీ, నిజం పిన్నీ అన్నాడు. ఎర్ర శాలువా అన్నాడు మళ్ళీ. బిహి కూడా అదే చెప్పేవాడు, ఎర్రది అని. వాడి దగ్గర నేర్చుకున్నావు, కొండా నేర్చుకున్నావు, అబద్ధాలూ నేర్చుకున్నావు అన్నాను. వాడికి నొప్పి తెలీలేదని చెప్పావే, అదీ ఇలాగే చూసొచ్చావా అన్నాను.

ఇంకా ఏవో అన్నాను. అవి రాయను.

మబారక్ లేచి వెళ్ళిపోయాడు. టీ గ్లాసు నిండుగా అలాగే ఉంది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ టీ తాగకుండా లేచిపోలేదు.

వాడు అబద్ధం చెప్పాడు కాబట్టి బిహీ అబద్ధమే చెప్పాడు. అక్కణ్ణించి ఏమీ కనిపించదు. ఇంత తిరిగి, ఇంత తిని, తెలుసుకున్నది ఇది.

బుధవారం, సాయంత్రం

అక్షరాలు సరిగ్గా రావడం లేదు.

రఖియా వదిన ఆవుని అప్పజెప్పడానికి వచ్చింది. ఫోన్లు చేసినందుకు నాలుగు దులిపేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. వదిన నన్ను నోరు తెరవనివ్వలేదు. నా అక్రోటు కాయల వల్ల తన నడుం విరిగిందంది. సోమవారం వానకి కాయలన్నీ తడిశాయట. కుళ్ళిపోతాయని నిన్న చీకటితోనే మిద్దె ఎక్కి మళ్ళీ ఆరబోసిందట. ఆరబోసిందో లేదో కాకులు వాలాయట, ఊళ్ళో కాకులన్నీ మన మిద్దె మీదే. ఆ చలికి మేకుకి వేలాడుతున్న నా ఎర్ర శాలువా కప్పుకుని వెళ్ళిందట.

"ఎంత అరిచినా పోవే! చివరికి శాలువా తీసి రెండు చేతులతో ఊపీ ఊపీ భుజాలు పడిపోయాయి. ఊళ్ళోవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. నవ్వు వస్తోందా నీకు? ఏమైందే? ఇజ్జా, ఏమైందే?"

ఎప్పుడు, ఏ వేళకి అని అడిగాను. తెల్లారగానే, ఎండ ఇంకా కొండ కొనల మీదే ఉందంది.

కనిపిస్తుంది. మా ఇల్లు అక్కణ్ణించి కనిపిస్తుంది.

వాడు ఊపేవాడు. ఎక్కిన ప్రతిసారీ అక్కడ నిలబడి, వెనక టూరిస్టులు ఫోటోలు తీసుకుంటుంటే, నాకు చెయ్యూపేవాడు. నేను ఆవు పేడ ఎత్తుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ, తల వంచుకుని తిరిగేదాన్ని. ఒక్కసారి. ఒక్కసారి తలెత్తినా సరిపోయేది.

వదిన పక్కనే కూర్చుంది. చాలాసేపు తిట్టలేదు.

గురువారం, పొద్దున

బిహి చక్కెరలోంచి తూదా అక్క ఇచ్చిన దిమ్మ తీసుకుని మబారక్ ఇంటికి వెళ్ళాను. ఇంకొకరికి ఇవ్వకూడదని తెలుసు. తప్పైతే నాది. వాళ్ళమ్మ చేతికిచ్చి, పగలగొట్టి టీ పెట్టమన్నాను. వాడు లోపలి నుంచి రానన్నాడు. వాళ్ళమ్మ చెవి పట్టుకుని లాక్కొచ్చింది. ఎదురుగా కూర్చుని కాకుల సంగతి చెప్పాను. వాడు ముందు నవ్వలేదు. తర్వాత రఖియా వదిన శాలువాతో కాకుల్ని తోలుతుంటే తనూ గెర్దా కలిసి ఎంతసేపు చేతులూపారో గుర్తొచ్చినట్టుంది. గ్లాసులో టీ ముక్కులోంచి వచ్చింది.

నేను బయలుదేరేముందు వాడే అన్నాడు. నొప్పి సంగతి మాత్రం నాకు తెలీదు పిన్నీ అని. తల దించుకుని అన్నాడు. ఈసారి నా మొహం చూసి మాట్లాడలేదు.

సరేరా అన్నాను.

గురువారం, సాయంత్రం

నిర్ణయం అయిపోయింది. కొండ ఎక్కుతాను.

వచ్చే శనివారం మబారక్ మళ్ళీ వెళ్తున్నాడు. బొబ్బ తగ్గింది. గెర్దా కర్ర ఉంది. ఈసారి ఊళ్ళలోంచి వెళ్ళను, కింద వాగు వెంబడి రాళ్ళ మీదుగా పోతాను. తమ్దా వెనక నుంచి దాటేస్తాను. తూదా అక్క వెనక కూడా నిలబడుతుందేమో, చూడాలి. యమ్నా అత్త ఇంటికి మాత్రం ఒక్క నిమిషం వెళ్ళొస్తాను. ముసలావిడ. మంచం ఊగుతోందేమో చూసి వచ్చేస్తాను.

టీ తాగను. వంట చెయ్యను. మూడో నియమం తీసేశాను.

రఖియా వదిన తనూ వస్తానని గొడవ. రాళ్ళేగా వదినా, మన పొలంలో లేవా అన్నాను. ఆఖరికి ఉండిపోవడానికి ఒప్పుకుంది. ఎర్ర శాలువా ఆమెకే ఇచ్చాను. మంగళవారం తెల్లారగానే మిద్దె ఎక్కి నిలబడుతుంది. కాకులు ఉన్నా లేకపోయినా.

పై నుంచి ముందు నేనే చెయ్యూపుతాను. తలెత్తి చూడకపోతే, దిగొచ్చాక చెప్తాను ఆవిడ సంగతి.